ఆఖరి పాటకు ముందు నేను తిప్పిన నాబ్

ఎనిమిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. కక్కలేను, మింగలేను. మా నాయనకు చెప్పలేదు. పెళ్ళయ్యాక మా ఆవిడకూ చెప్పలేదు. నమాజు అయిపోయి అందరూ వెళ్ళిపోయాక మసీదులో ఒక్కడినే కూర్చున్నప్పుడు కూడా దాన్ని పూర్తిగా తలుచుకోలేదు. సగం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేవాడిని. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను దొంగతనం చెయ్యలేదు. ఎవరినీ కొట్టలేదు. ఒక చిన్న నాబ్‌ను కుడివైపుకు తిప్పాను. పాట అయిపోగానే మళ్ళీ ఎడమవైపుకు తిప్పేశాను. మొత్తం నాలుగు నిమిషాలు ఉంటుందేమో. ఆ నాలుగు నిమిషాల్లో ఒక అమ్మాయికి తన గొంతు మీద ఉన్న నమ్మకం పోయింది. అది ఇంతవరకు తిరిగి రాలేదు.

మాది మార్కాపురం. మా నాయనది మైక్ సెట్ దుకాణం. పెళ్ళికి, ఉరుసుకు, వినాయక చవితికి, చర్చి సభలకు, ఎలక్షన్ మీటింగులకు, ఎవరు పిలిస్తే వాళ్ళకు బాక్సులు కట్టేవాళ్ళం. నేను డిగ్రీ రెండో ఏట చదువు మానేసి నాయనతో పాటు వైర్లు లాగడం మొదలుపెట్టాను. అప్పటినుంచి నాకు పేరు లేకుండా పోయింది. గిద్దలూరు వెళ్ళినా, పామూరు వెళ్ళినా నేను మైక్ సెట్ భాయ్‌నే. 'మైక్ సెట్ భాయ్ వచ్చినాడా? మైక్ సెట్ భాయ్ తిన్నాడా?' ప్రేమగానే అంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఇరవై రెండేళ్ళ వయసు. ఆ వయసులో మనిషికి తన పేరు ఎవరైనా పిలిస్తే బాగుండునని ఉంటుంది కదా.

కరుణ నన్ను అన్నా అనేది. ఆమె అసలు పేరు ఇది కాదు, ఇక్కడ కరుణ అనుకోండి. మార్కాపురం పక్కనే ఒక పల్లె. వాళ్ళమ్మ పలకల ఫ్యాక్టరీలో కూలికి వచ్చేది. కరుణ ఊరి బయట ఇంజనీరింగు కాలేజీలో చదివేది, ఆదివారం చర్చిలో పాడేది. తన క్లాసులోనే ఉన్న ఇద్దరితో కలిసి ఒక బ్యాండ్ పెట్టింది. డ్రమ్స్ దానియేలు, గిద్దలూరు చర్చిలో వాయించి వాయించి చెయ్యి తిరిగినవాడు. గిటార్ శీను. బ్యాండ్ పేరు నల్లపలక. వాళ్ళు ఎక్కడ ప్రాక్టీసు చేసినా ఇరుగుపొరుగు తిట్టిపోసేవాళ్ళు. చివరికి మా దుకాణం వెనకున్న గోడౌనుకు వచ్చి పడ్డారు, బాక్సులు పెట్టుకునే చోటికి. చుట్టూ అన్నీ గోడౌన్లే, అక్కడ ఎంత మోత మోగినా అడిగేవాళ్ళు లేరు.

రెండేళ్ళ పాటు ప్రతి ఆదివారం, కరుణ ఆరాధన ముగించుకుని వచ్చాక, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా. నేను తిరగేసిన బాక్సు మీద కూర్చుని వినేవాడిని. వాళ్ళకు నేనే మొదటి అభిమానిని. చాలాకాలం ఒకే ఒక్క అభిమానిని కూడా. వాళ్ళు పాటలన్నీ సొంతంగా కట్టుకునేవాళ్ళు. నీళ్ళు పడని బోరు మీద ఒకటి, తొమ్మిదింటి బస్సు మీద ఒకటి. కరుణ వాళ్ళమ్మ మీద కట్టిన పలక పాట మాత్రం నా కళ్ళముందే పుట్టింది. 'పలక మీద రాసింది తుడిస్తే పోతాది, అమ్మ చేతి మీది గీత ఎట్ల పోతాది' అని మొదటి రెండు వరుసలు పాడి, ఆపి, నా వైపు చూసి, బాగుందా అన్నా అని అడిగింది. తల ఊపాను. ఆ రోజునుంచి ఆ పాట నాదే అనుకున్నాను. నా పాట అని వాళ్ళు కూడా అనేవాళ్ళు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నేను చేసింది పగవాడు చేసిన పని అని మీరు అనుకుంటారేమోనని. పగవాడైతే ఇంత సులువుగా కుదిరేది కాదు.

మూడో ఏట కాలేజీ డేకు వాళ్ళకు స్టేజీ దొరికింది. నలభై నిమిషాలు. మైక్ సెట్ మాదే. విజయవాడలో రికార్డింగ్ స్టూడియో నడిపే ఒకాయన, వాళ్ళ లెక్చరర్‌కు స్నేహితుడు, వినడానికి వస్తున్నాడని చెప్పారు. ఆయనకు నచ్చితే మూడు పాటలు రికార్డు చేస్తాడట. కరుణ వారం రోజులు సరిగా అన్నం తినలేదని దానియేలు చెప్పాడు. నేను ఒంగోలులో మా నాయన స్నేహితుడి కాళ్ళావేళ్ళా పడి ఒక మానిటర్ బాక్సు తెచ్చాను. అది జనం వైపు కాకుండా పాడేవాళ్ళ వైపు తిప్పి కింద పెట్టే బాక్సు, తమ గొంతు తమకు వినబడటానికి. కరుణ ఎప్పుడూ అలాంటి దాని ముందు పాడలేదు. సాయంత్రం టెస్టింగు చేసేటప్పుడు దాని ముందు నిలబడి ఒక వరుస పాడి, ఆగి, నవ్వేసింది.

"నా గొంతు ఇట్ల ఉంటాదా అన్నా? ఇన్నాళ్ళు నాకే తెలీదు గదా."

ఆమెకు ఆ బాక్సు ఇచ్చింది నేను. దాన్ని నమ్మేలా చేసింది కూడా నేనే.

ఏడు గంటలకు మొదలైంది. గ్రౌండు నిండిపోయింది. నేను జనం వెనక, టేబుల్ మీద అన్ని మైకుల శబ్దాన్నీ సరిచేసే మిక్సర్ పెట్టుకుని నిలబడ్డాను. మొదటి పాటకే పిల్లలు లేచి నిలబడ్డారు. బోరు పాటకు కుర్చీలెక్కారు. ఇన్నాళ్ళు నేనొక్కడినే వింటూ వచ్చిన పాటల్ని ఇప్పుడు వెయ్యిమంది వింటున్నారు, రెండోసారి పల్లవి వచ్చేసరికి వాళ్ళూ అందుకుని పాడుతున్నారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషమే. నిజంగా సంతోషమే. కానీ దాని అడుగున ఇంకేదో ఉందని ఇప్పుడు ఒప్పుకోవాలి. ముందు వరుసలో విజయవాడ ఆయన కాలితో తాళం వేస్తున్నాడు. వీళ్ళు వెళ్ళిపోతారు అనిపించింది. గోడౌన్ ఖాళీ అయిపోతుంది. ఆదివారాలు నేను మళ్ళీ బాక్సులకు దుమ్ము దులుపుకుంటూ కూర్చుంటాను.

ఇంకా రెండు పాటలు మిగిలాయనగా ప్రిన్సిపాల్ గారు లేచారు, ఎక్కడికో వెళ్ళాలట. ఆయన ఉండగానే వందన సమర్పణ అయిపోవాలని లెక్చరర్ పరుగున స్టేజీ ఎక్కి కరుణ చేతిలో ఒక చీటీ పెట్టాడు. ఆమె ఆయాసపడుతూనే గబగబా చదివింది. ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, షామియానా వాళ్ళకు. ఆఖరున, "మైక్ సెట్ భాయ్‌కి కూడా థ్యాంక్స్."

మైక్ సెట్ భాయ్. రెండేళ్ళు అన్నా అని పిలిచిన నోరు. అంతమంది ముందు, నా బాక్సుల్లోంచే. వెంటనే ముందునుంచి ఎవడో అరిచాడు, "ఎకో పెంచు భాయ్!" అని. గ్రౌండంతా ఒక్కసారి నవ్వింది. మా వైపు పెళ్ళిళ్ళలో మైక్ పట్టుకున్న ప్రతివాడూ ఎకో పెంచమంటాడు, అదొక పెద్ద జోకు. స్టేజీ మీద కరుణ కూడా నవ్వింది. ఆ లైట్ల కింద ఆమె నవ్వడం నాకు స్పష్టంగా కనిపించింది.

తల కొట్టేసినట్టయింది. సరే, పెంచుతాను అనుకున్నాను.

నేను ఏం చేశానో అర్థమయ్యేలా చెప్తాను. జనానికి వినబడే బాక్సుల్లో ఎకో పెడితే అందరికీ తెలిసిపోతుంది. నేను దాన్ని ఆమె ముందున్న మానిటర్‌లోకి మాత్రమే పంపాను. తను పాడిన మాట తనకే ఒక క్షణం ఆలస్యంగా, గట్టిగా తిరిగి వినబడేలా. జనానికి ఆ ఎకో వినబడదు. వెనకున్న దానియేలుకు తన డ్రమ్స్ మోతలో తెలియదు. శీను ఆ చివర తన గిటార్ బాక్సు దగ్గర ఉన్నాడు. ఆమె ఒక్కదానికే వినబడుతుంది. తన గొంతు తన వెనక నడుస్తున్నట్టుంటే ఎంతటి గాయకులైనా అడుగు తడబడతారు. ఆ సంగతి నాకు తెలుసు. ఒకసారి చర్చి సభలో పొరపాటున అలా జరిగితే పాస్టర్ గారు వాక్యం మధ్యలో ఆగిపోయారు. అప్పుడు పరుగెత్తుకెళ్ళి సరిచేసింది నేనే.

తొమ్మిదింటి బస్సు పాట ఎత్తుకుంది. మొదటి వరుసలోనే తాళానికి వెనకబడింది. వెనకనుంచి వస్తున్న గొంతు కోసం ఆగుతోంది. దానియేలు ముందుకు పోతున్నాడు, ఆమె అందుకోవడానికి పరుగెడుతోంది, మళ్ళీ ఆగుతోంది. శ్రుతి జారింది. జనంలో ఒక మూల నవ్వులు మొదలయ్యాయి. రెండో చరణం మధ్యలో ఆమె తల ఎత్తి, అంతమంది తలల మీదుగా నేరుగా నన్ను చూసింది. చెవి దగ్గర చెయ్యి పెట్టి ఊపింది. ఏదైనా తేడా ఉందా అని అడుగుతోంది.

నేను బొటనవేలు పైకెత్తి చూపించాను. అంతా బాగుంది అని.

ఆ నాబ్ తిప్పడం ఒక్క క్షణం పని. కోపం అనుకోవచ్చు, కుర్రతనం అనుకోవచ్చు. మరి ఆ బొటనవేలు? అప్పటికి కోపం దిగిపోయింది, ఒట్టు. ఆమె ముఖం చూడగానే దిగిపోయింది. చెయ్యి నాబ్ మీదే ఉంది. తిప్పేస్తే ఆ క్షణమే సరైపోయేది. తిప్పితే తప్పు ఎక్కడుందో ఆమెకు తెలిసిపోతుందని భయపడ్డానా? లేక ఆ నవ్వుకు ఇంకాస్త శిక్ష పడాలనుకున్నానా? ఆమె గొంతు జనానికి చేరేది నా చేతుల మీదుగానే అని గుర్తుచేయాలనుకున్నానా? విజయవాడ ఆయన వాచీ చూసుకోవడం నేను గమనించాను. ఆ క్షణంలో నాలో ఒక మూల కాస్త ఊరట కలిగింది. దానికి ఏ పేరు పెట్టాలో ఎనిమిదేళ్ళుగా వెతుకుతున్నాను. వీళ్ళు ఎక్కడికీ పోరు అనుకున్నానేమో. అనుకున్నాను. ఏమో అనడం కూడా అబద్ధమే.

ఆమె నన్ను నమ్మింది. బొటనవేలు చూసి, తల వంచుకుని, ఎలాగో పాట పూర్తి చేసింది.

పాట ముగియగానే నాబ్ వెనక్కి తిప్పేశాను. తర్వాతది పలక పాట, నా పాట. అది బాగా పాడుతుంది, దాంతో అన్నీ సర్దుకుంటాయి అనుకున్నాను. అంత తెలివితక్కువవాడిని. ఆమె మైక్‌ను జాగ్రత్తగా స్టాండులో పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. దానియేలు రెండుసార్లు డ్రమ్ము మీద కొట్టి ఆగిపోయాడు. యాంకర్ వచ్చి డ్యాన్సు ప్రోగ్రాం అన్నాడు. పిల్లలు ఈలలు వేశారు. విజయవాడ ఆయన అప్పటికే కారెక్కాడు.

ప్రోగ్రాం అంతా అయిపోయాక వైర్లు చుట్టడానికి స్టేజీ ఎక్కాను. మానిటర్ బాక్సు పక్కన రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి వందన సమర్పణ చీటీ. అది లెక్చరర్ రాత. 'మైక్ సెట్ భాయ్' అని రాసింది ఆయనే. ఆమె ఉన్నదున్నట్టు చదివింది, అంతే. రెండోది టేపుతో నేలకు అంటించిన పాటల వరుస. అది కరుణ రాత. ఆఖరి పాట ఎదురుగా నా పేరు రాసి ఉంది. నా అసలు పేరు. పక్కన, 'మన అన్న, గోడౌన్ గురించి చెప్పి, అప్పుడు పాడాలి.'

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆమె నా పేరు రాసిన కాగితం నాకు తెలిసి అదొక్కటే.

స్టేజీ వెనక మెట్ల మీద ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది. నేను వైరు చుట్ట భుజాన వేసుకుని, ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను.

"అన్నా, నిజం చెప్పు. నీకేమన్నా తేడా వినబడిందా?"

"ఎక్కడ?"

"నా గొంతు నా ఎనకనించి వస్తాన్నట్టు ఉండింది. నేను పాడినాక ఇంకెవరో పాడతాన్నట్టు."

"లేదమ్మా. బాక్సుల్లో ఏం లేదు. నాకు బాగనే వినబడింది."

ఆమె వేలితో చెవి రుద్దుకుంది.

"అయితే నా చెవిలోనే ఉండాది ఏందో."

"భయపడినట్టున్నావు. జనం ఎక్కువ గదా."

"అట్లే అయ్యుంటాది." లేచి, చున్నీ సర్దుకుంది. "నీ పాట పాడలేకపోయినా అన్నా. ఏమనుకోవద్దు."

అంతే మా మాటలు. అప్పటినుంచి వీటిని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ప్రతిసారీ 'లేదమ్మా' అన్న దగ్గర నా గొంతును ఆపాలని చూస్తాను. అది ఆగదు.

మరుసటి ఆదివారం దానియేలు, శీను వచ్చారు, ఆమె రాలేదు. ఆ తర్వాత వాళ్ళూ రాలేదు. చర్చిలో కూడా పాడటం మానేసిందని విన్నాను. పెళ్ళి కుదిరినప్పుడు మైక్ సెట్‌కు నన్నే పిలిచింది. వెళ్ళాను. వధువు ఒక పాట పాడాలని అందరూ పట్టుబట్టారు, నవ్వి తప్పించుకుంది. ఆ రోజు చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. పెళ్ళిరోజున ఎందుకులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాకు ఎప్పుడూ ఏదో ఒక సాకు దొరుకుతుంది.

మీరు నమ్ముతారో లేదో, నా పనే నన్ను వెంటాడుతుంది. త్రిపురాంతకంలో శివరాత్రికి మైక్ కడితే, హలో అనగానే ఆ మాట కొండకు తగిలి కాస్త ఆలస్యంగా తిరిగొస్తుంది. అందరికీ అది సరదా. నేను మాత్రం వెంటనే మైక్ ఆపేస్తాను. పాత మిక్సర్ ఇంకా ఉంది, అమ్మలేదు. ఆ నాబ్ మీద నల్ల టేపు చుట్టాను. ఎవరైనా అడిగితే పాడైపోయింది అంటాను.

పోయిన నెల హనుమంతునిపాడు వైపు ఒక పల్లెలో చర్చి వార్షికోత్సవం. ఒప్పుకునే ముందు అది కరుణ అత్తగారి ఊరని నాకు తెలీదు. ఆమె నన్ను చూసి దగ్గరకు వచ్చి, బాగున్నావా అన్నా, వదిన బాగుందా, పిల్లలెంతమంది అని అడిగింది. ముఖంలో ఎక్కడా ఏమీ లేదు. నామీద కోపం ఉన్నా తట్టుకునేవాడిని. నేను టెంటు వెనకాల మిక్సర్ దగ్గర హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. పాటలకు ముందు ఎవరో స్త్రీల వరుస దగ్గర మైక్ ఆపకుండా వదిలేశారు. బయట బాక్సుల్లోకి వెళ్ళకుండా నేను తగ్గించేశాను, కానీ నా చెవుల్లో వాళ్ళ మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఒకావిడ అడుగుతోంది, నీ గొంతు బాగుంటాదంట గదమ్మా, ఒక పాట పాడరాదా అని.

"లేదు పెద్దమ్మా. కాలేజీలో ఒకసారి పాడినా. నా చెవికి తాళం నిలబడదని ఆ పొద్దు తెలిసిపాయ. దేవుడిచ్చినాడు, మళ్ళ తీసుకున్నాడు. ఏంజేస్తాం."

హెడ్‌ఫోన్స్ తీసి టేబుల్ మీద పెట్టాను. ఇన్నేళ్ళూ నేను అనుకున్నది, ఆమె మర్చిపోయి ఉంటుందని. ఆమె మర్చిపోలేదు. నేను చేసిన పనిని దేవుడి పేరు మీద వేసుకుని మోస్తోంది. నా తప్పుకు ఆమె దేవుడు నింద మోస్తుంటే నేను ఆయన సభకే మైక్ కట్టి కూర్చున్నాను.

మా మసీదులో నమాజు చేయించే హజ్రత్ ఒకసారి చెప్పారు, అల్లాకు చేసిన తప్పు అల్లాను అడిగితే మాఫీ చేస్తాడు, మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మాఫీ చెయ్యాలి, మధ్యలో ఎవరూ లేరు అని. ఆ రోజు నేను చివరి వరుసలో కూర్చుని నేల చూశాను. కాబట్టి మీరు నన్ను క్షమించినా లాభం లేదు. క్షమించమని అడగడం లేదు కూడా. ఆమెకు వెళ్ళి చెబుతానా? ఇప్పుడు రాస్తున్న ఈ కాగితాలు చూపిస్తానా? చెబుతానని రాసి, తర్వాత వెళ్ళకపోతే, అది ఇంకో బొటనవేలు అవుతుంది. అందుకే ఆ మాట ఇవ్వను. ఇప్పటికి నా చేతనైంది ఇదొక్కటే. ఆ మెట్ల మీద ఆమె అడిగిన దానికి, ఎనిమిదేళ్ళు ఆలస్యంగా, ఇక్కడైనా నిజమైన జవాబు రాయడం. రాస్తుంటే గొంతులో అడ్డంపడ్డ ఆ మాట కొంచెం కదిలింది.

కరుణమ్మా, ఏమన్నా తేడా వినబడిందా అని అడిగినావు గదా. వినబడింది. నీ చెవికి ఏం కాలేదు. ఆ ఎకో పెట్టింది నేనే.